పాలావిడ మెట్లు

ట్రియెస్టే ఊళ్లో పాలావిడ మెట్లని ఒక చోటు ఉంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. రెండు ఎత్తైన గోడల మధ్య నూటపన్నెండు రాతిమెట్లు, అంతే. కింద పాత రేవు వీధి, పైన బస్సులు ఆగే రోడ్డు. ఎండలో పిల్లులు పడుకుంటాయి, గోడల మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తారు. కానీ చలికాలంలో, చీకటి పడ్డాక, కొండమీంచి బోరా గాలి విరుచుకుపడిందంటే మాత్రం ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు అటు అడుగు పెట్టరు. అందులోనూ మొగుడూ పెళ్లాం కలిసి అసలే పెట్టరు.

ఎందుకంటే... జంటగా ఎక్కినవాళ్లలో ఒక్కరే పైకి చేరతారని చెప్పుకుంటారు.

వందేళ్ల కిందటి మాట. కొండమీది పల్లెల నుంచి ఆడవాళ్లు తెల్లవారకముందే పాలక్యాన్లు వీపుకి కట్టుకుని ఊళ్లోకి దిగేవాళ్లు. సాయంత్రం ఖాళీ క్యాన్లతో మళ్లీ ఎక్కేవాళ్లు. వాళ్లలో తోంచ్కా అనే ఆవిడ, నడుం దాకా జడ వేసి కొసన రిబ్బను కట్టుకునే మనిషి, ఒకనాడు మొగుడితో కలిసి ఎక్కుతోందట. సగం మెట్లయ్యాక మాటామాటా పెరిగింది. దేనిమీదో ఎవరికీ గుర్తులేదు, అంత చిన్న విషయమన్నమాట. మొగుడు విసురుగా ముందుకి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడే గాలి లేచింది...

పైకి చేరి చూసుకుంటే అతనొక్కడే ఉన్నాడు. కింద, చీకట్లో, క్యాన్లు మెట్టు మెట్టుకీ దొర్లుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించిందట.

బోరా వీచే రోజుల్లో మనుషులు ఎగిరిపోకుండా పట్టుకోడానికి ఆ ఊళ్లో గోడల వెంబడి తాళ్లు కడతారు. అప్పటినుంచీ ఆ మెట్ల మీద తాడు పట్టుకుని ఎక్కేవాళ్ల చేతిమీద ఇంకో చెయ్యి పడుతుందని వాడుక. ఆ చెయ్యి పడిందా... ఆ జంట జంటగా ఇల్లు చేరదని.

నెవెంకా ఈ కథ విన్నది ఆ రోజు మధ్యాహ్నమే. విని నవ్వేసింది కూడా. ఆవిడ మనసులో అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటుంది మరి.

నెవెంకాది సరిహద్దుకి ఇవతల, మావైపు ఊరు కార్లొవత్స్. అక్కడినుంచి ట్రియెస్టేకి బస్సులో మూడు గంటలు. ఆవిడకి అరవై రెండేళ్లు. భర్త స్టిపాన్ కార్ఖానాలో ఫిట్టరుగా చేసి, రిటైరై మూడేళ్లయింది. ఆ మూడేళ్లుగా ఇంట్లో మాట లేదు. పోట్లాడుకుని మానేసింది కాదు, అదైనా కొంత నయం. పొద్దున "చలిగా ఉంది," మధ్యాహ్నం "ఉప్పు ఇటివ్వు," రాత్రి "తలుపు వేశావా." ఇంతే. మనిషి ఎదురుగా కూర్చునే ఉంటాడు, గోడకి కొట్టిన మేకులాగా.

జాదర్‌లో ఉన్న చెల్లెలు దానిత్సా ఫోన్ చేసినప్పుడల్లా, "వచ్చెయ్యవే అక్కా, వెనకగది నీకే ఉంచాను," అంటోంది. చివరికి నెవెంకా సరేనంది. సూట్‌కేసు సర్ది మంచం కిందకి తోసింది. రేపు పొద్దున్నే బస్సు. స్టిపాన్‌కి ఈ సంగతేదీ తెలియదు.

వెళ్లేముందు ఒక్కరోజు మాత్రం అతనికి ఇద్దామనుకుంది. పెళ్లైన కొత్తలో, ముప్పై ఎనిమిదేళ్ల కిందట, ఇద్దరూ చేతులూపుకుంటూ తిరిగిన ఊరు ట్రియెస్టే. ఆ ఊళ్లో కూడా తనకోసం ఒక్క మాట మాట్లాడకపోతే ఇంకెక్కడా మాట్లాడడు. తిరుగు బస్సు సాయంత్రం ఆరింటికి. గడువు అప్పటిదాకా.

గడువున్న సంగతి ఆ పెద్దమనిషికి తెలియదు కదా. బస్సు దిగగానే మొదలుపెట్టాడు.

"ముందు సముద్రం చూద్దాం స్టిపే," అంది నెవెంకా.

"సముద్రం ఎక్కడికీ పోదు. ముందు పని చూసుకుందాం."

పనంటే ఏమిటో అనుకుంటున్నారేమో. ఆ రోజుల్లో మావైపు వాళ్లందరూ ట్రియెస్టే వెళ్లేది జీన్సుకీ, కాఫీకీ. సరిహద్దు దగ్గర గార్డులు బ్యాగులు విప్పించేవాళ్లు కాబట్టి కొన్నవన్నీ ఒంటిమీద వేసుకుని దాటాలి. ఆ కొత్తలో స్టిపాన్ మూడు జీన్సులు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, మోకాళ్లు వంగక, కొయ్యకాళ్లవాడిలా గార్డు ముందు నడిచాడు. నెవెంకా నవ్వాపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుంటే, "మా ఆవిడకి ఈ దేశం విడిచి రావాలంటే ఏడుపొస్తోందండీ," అని గార్డుతో చెప్పాడు. ఆ స్టిపాన్ కోసమే ఆవిడ ఇవాళ బస్సెక్కింది.

ఇవాళ్టి స్టిపాన్ కాలువ పక్క వీధిలో ఆ జీన్సు కొట్టు కోసం వెతికాడు. అక్కడ ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. నమ్మలేదు. లోపలికెళ్లి వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగాడు. బయటికొచ్చి తలుపు నెంబరు చూశాడు. పక్క సందుకెళ్లి చూసొచ్చాడు. మళ్లీ లోపలికెళ్లాడు. నెవెంకా కాలువగట్టు మీద నిలబడింది ముప్పావుగంట.

"ముప్పై ఎనిమిదేళ్లయింది. కొట్టువాడు పోయుంటాడు," అంది.

"చెప్పొచ్చు కదా మరి."

"ఎవరు, కొట్టువాడా?"

అతను కాఫీపొడి కొట్టువైపు నడిచాడు.

కాఫీ పొట్లాలు ఆరు కొన్నాడు. వీధిలోకి వచ్చీ రాగానే గోడవైపు తిరిగి, కోటు లోపలి అస్తరులో అటు మూడు, ఇటు మూడు కుక్కుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"సరిహద్దు దగ్గర..."

"సరిహద్దులో ఇప్పుడు మనిషే లేడు స్టిపే. పొద్దున అక్కడ బస్సు ఆగనైనా లేదు. ఈ కాఫీ మన వీధి చివర కొట్లోనూ ఉంది."

"అలవాటు," అన్నాడు. పొట్లాలు మాత్రం తియ్యలేదు. ఇక ఆ రోజంతా అటూ ఇటూ ఉబ్బిన కోటుతో, గుడ్లు పెట్టబోయే బాతులాగా నడిచాడు.

నిలువుటద్దాల హోటల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆ ఊరివాళ్లలాగే చిన్న గాజుగ్లాసులో కాఫీ తాగాలని నెవెంకాకి కోరిక. స్టిపాన్ మాత్రం వీధిలోని బల్లమీద కూర్చుని సంచీ విప్పాడు. రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు, రొట్టె, ఫ్లాస్కులో ఇంటి కాఫీ. అవన్నీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసింది ఆవిడే. అప్పటికి గాలి మొదలైంది. కాగితం ఎగిరిపోయింది, మూత దొర్లిపోయింది. స్టిపాన్ మూత వెనకాల పరిగెత్తాడు. దొరికాక దాన్ని తిప్పి తిప్పి చూసి, "మర అరిగింది," అన్నాడు.

ఆ పూట అతను చెప్పిన అతి పొడుగు కబురు మూత మరల గురించి.

నెవెంకాకి వేళ్లు కొంకర్లుపోయాయి. ఇక అడగలేదు, లేచి దగ్గర్లో కనబడ్డ కాఫీకొట్టు తలుపు తోసుకుని వెళ్లి కూర్చుంది. అది పాలావిడ మెట్ల కిందే ఉంది. కొట్టు నడిపే జోరా ఎనభైకి దగ్గర పడ్డ స్లొవేన్ మనిషి. మా మాటా వాళ్ల మాటా అక్కచెల్లెళ్ల లాంటివి కాబట్టి కబుర్లు సాగాయి. ఆవిడే గొంతు తగ్గించి తోంచ్కా కథ చెప్పింది.

"మా అత్త చూసింది ఆ చెయ్యి. చూడ్డమంటే... పట్టుకుంది. ఆ వసంతానికల్లా మా మావ వేరే ఆవిడతో వెళ్లిపోయాడు," అంది జోరా.

"దెయ్యం చెయ్యి పట్టుకోకపోతే మీ మావ ఉండేవాడా?" అంది నెవెంకా.

జోరా ఒక క్షణం ఆలోచించింది. "ఉండడులే. ఎదవ."

ఇద్దరూ నవ్వారు. స్టిపాన్ కిటికీలోంచి మెట్ల గోడలకేసి చూస్తున్నాడు. "అప్పట్లో రెండువైపులా తాళ్లుండేవి," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

నాలుగయింది. మిగిలింది రెండు గంటలు. నెవెంకా ఇక చివరి ప్రయత్నంగా అతన్ని రాతి జెట్టీ మీదకి లాక్కెళ్లింది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ జెట్టీ కొసన ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఇద్దరూ నిలబడ్డారు. అప్పుడు అతనొక మాట అన్నాడు: నీకు చెప్పకుండా నేను ముసలాణ్ణి కూడా కాను, అని.

కొస దాకా వెళ్లకుండానే అతను ఆగిపోయాడు. గడియారం చూసుకున్నాడు.

"ఇక్కడ నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా స్టిపే?"

అతను నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు ముడేసి, సముద్రంకేసి చూసి, చాలాసేపు.

"రాళ్లు జారతాయి, చూసుకో అన్నాను."

"అదా."

"అవునుగా. జారతాయి."

ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది. కోపం కూడా రాలేదు, అదే ఆవిడని భయపెట్టింది. ఆవిడ లోపల సూట్‌కేసు మూత టక్కున పడింది.

జనవరిలో అక్కడ అయిదింటికల్లా చీకటి. వాళ్లు మెట్ల కిందకి వచ్చేసరికి అయిదున్నర. బోరా అప్పటికి ఊరిని ఊపేస్తోంది. స్కూటర్లు పడిపోయి ఉన్నాయి. ఎక్కడో రేకు ఒకటి కొట్టుకుంటోంది, ఆగి ఆగి. జోరా కొట్టు మూసేసింది. బస్సు పైరోడ్డు మీద.

"చుట్టూ తిరిగి వెళ్దాం," అంది నెవెంకా.

"నలభై నిమిషాలు. బస్సు పోతుంది."

"పోనీ."

"పోనీ ఏమిటి? నువ్వు దెయ్యానికి భయపడుతున్నావా ఇప్పుడు?"

"నాకు దెయ్యాలతో కాపురం అలవాటే," అంది ఆవిడ.

అతను ఆ మాట విన్నాడు. మొహం చూస్తే తెలిసింది. ఎడమ గోడవైపు తిరిగి విసురుగా ఎక్కడం మొదలుపెట్టాడు. నెవెంకా కుడిగోడ దగ్గరకి వెళ్లి తాడు పట్టుకుంది. ఇద్దరి మధ్యా నాలుగు బారల వెడల్పు. ఇరవై మెట్లు ఎక్కారో లేదో... మెట్ల మీది దీపాలు రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయాయి.

చీకటి. ఎంత చీకటంటే, తన చెయ్యి తాడుని పట్టుకుందని చేతికి తెలుస్తోంది గానీ కంటికి తెలియడం లేదు.

గాలి పైనుంచి మీద పడుతోంది. ఒక మెట్టు... ఆగడం. ఒక మెట్టు... ఆగడం. ఊపిరి తీసుకోవాలంటే మొహం గోడకి తిప్పుకోవాలి. స్టిపాన్ అడుగుల చప్పుడు లేదు. పిలిచినా వినబడదు, మాట పెదవి దాటగానే గాలి లాక్కుపోతోంది.

సగం దూరంలో ఉండగా, తాడు మీదున్న ఆవిడ చేతిమీద ఒక చెయ్యి పడింది.

మెల్లిగా. గరుగ్గా ఉంది, పని చేసి చేసి కాయలు కాచిన చెయ్యి. చల్లగా ఉంది, ఆ గాలిలో ఎవరిది చల్లగా ఉండదు కనక.

నెవెంకా ఒళ్లు ఝల్లుమంది. మరుక్షణం తేలికపడింది. ఫిట్టరు చెయ్యి కదా, గరుగ్గానే ఉంటుంది. అడ్డంగా నడిచి ఇటు వచ్చాడన్నమాట. మూడేళ్లలో మొదటిసారి... చెయ్యి పట్టుకున్నాడన్నమాట.

"ఇప్పుడా," అంది ఆవిడ. "ఇప్పుడా వచ్చేది?"

చెయ్యి కదల్లేదు. ఆవిడ మెట్టెక్కితే అదీ జరిగింది, ఆవిడ ఆగితే ఆగింది.

అప్పుడు నెవెంకా మాట్లాడటం మొదలుపెట్టింది. అరవలేదు, అరిచినా లాభం లేదు. వంటింట్లో మాట్లాడినట్టే, మామూలు గొంతుతో, మెట్లు ఎక్కుతూనే, తన చేతికేసి చెప్పుకుపోయింది. మంచం కింద సూట్‌కేసు ఉంది, అంది. రేపు పొద్దున జాదర్ వెళ్లిపోతున్నాను, అంది. దానిత్సా వెనకగది ఖాళీ చేసి ఉంచింది. నీ గళ్ల చొక్కాలు ఇస్త్రీ చేసి పై అరలో పెట్టాను. నెల మందులు డబ్బాలో పోశాను...

చెయ్యి వింటోంది. వింటున్న చెయ్యికీ ఊరికే ఉన్న చెయ్యికీ తేడా తెలుస్తుంది.

"నాకు వెళ్లాలని లేదు," అంది నెవెంకా. ఆ మాట తనకే కొత్త. "కానీ ఆగమని ఎవరో ఒకరు అనాలి కదా. ఒక్కసారి అడుగు స్టిపే. ఆగవే అని ఒక్కసారి అడుగు. అంతే."

చెయ్యి ఆవిడ వేళ్లని రెండుసార్లు నొక్కింది. తరవాత వదిలేసింది.

ఇంకో పది మెట్లు. గోడలు అయిపోయాయి. పైరోడ్డు దీపాల వెలుతురు మొహం మీద పడింది. కళ్లు తుడుచుకుని, నవ్వబోతూ, ఆవిడ పక్కకి తిరిగింది.

పక్కన ఎవరూ లేరు.

వెనక్కి చూసింది. నల్లటి మెట్లు. రోడ్డు మీద దూరంగా బస్సు, దాని కిటికీల వెలుగు. స్టిపాన్ లేడు. జంటలో ఒక్కరే పైకి చేరతారు... మధ్యాహ్నం తను నవ్వేసిన మాట. సూట్‌కేసు గుర్తులేదు, జాదర్ గుర్తులేదు. మూత వెనకాల పరిగెత్తిన మనిషి గుర్తొచ్చాడు, ఉబ్బిన కోటుతో.

"స్టిపే," అని పిలిచింది. మళ్లీ పిలిచింది.

రేకు చప్పుడు. గాలి.

ఆవిడ మళ్లీ మెట్లు దిగడానికి తాడు అందుకుంది. అప్పుడు ఎడమ గోడవైపు చీకట్లోంచి బరువైన ఊపిరి వినిపించింది. ముందు ఉబ్బిన కోటు కనబడింది, తరవాత మొహం. ఎడమచెయ్యి చాచి గోడ వెంబడే ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు స్టిపాన్. చివరి మెట్టు మీద నిలబడి ఆవిడకేసి చూశాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి, గాలికే అయినా సరే.

"వెళ్లకు," అన్నాడు.

నెవెంకా తాడు వదిలేసింది.

"జాదర్ వెళ్లకు. ఆగు. ఆగమని అడుగుతున్నాను, ఇదిగో. నాకు మాట్లాడటం రావడం లేదు నెవా. కార్ఖానా మానేశాక... ఏం మాట్లాడాలో తెలియడం లేదు. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను. ఆ జీన్సు కొట్టు దొరికితే నీకు నవ్వొచ్చే మాట ఏదైనా గుర్తొస్తుందనుకున్నాను."

"నీకు జాదర్ సంగతి ఎవరు చెప్పారు?"

"నువ్వేగా. దారంతా నా చెవి పక్కనే చెప్పుకుంటూ వచ్చావు. మందుల డబ్బా, సూట్‌కేసు... అంతా."

"నేను కుడివైపున్నాను స్టిపే."

"చెవి పక్కనే," అన్నాడతను మొండిగా.

నెవెంకా వాదించలేదు. "సర్దినవన్నీ నువ్వే విప్పి బీరువాలో పెట్టాలి," అంది చివరికి. "మడతలు పోకుండా."

"పెడతాను."

అప్పుడే రోడ్డు మీంచి మునిసిపాలిటీ మనిషి ఒకతను టార్చిలైటుతో వచ్చాడు, తాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి. వీళ్లని చూసి నివ్వెరపోయాడు.

"ఈ గాలిలో ఈ మెట్లా? ఎలా వచ్చారు?"

"తాడు పట్టుకుని," అంది నెవెంకా. "నేను ఇటు. ఆయన అటు."

అతను ఆమెకేసీ, స్టిపాన్‌కేసీ చూశాడు. టార్చి ఎడమ గోడ మీదకి తిప్పాడు. పైనుంచి కిందకి, మెల్లిగా. సున్నం రాలిన ఇటుకలు. కొక్కేలు పీకేసిన గుంటలు, వరసగా. అంతకుమించి ఆ గోడకి ఏమీ లేదు.

"అటు తాడు లేదమ్మా. గోడ బలం లేదని నాలుగేళ్ల కిందటే తీసేశాం."

స్టిపాన్ ఆ గోడని చాలాసేపు చూశాడు.

"ఉంది," అన్నాడు. "దీపాలు పోయినప్పటినుంచీ ఉంది. నలభై ఏళ్లు కార్ఖానాలో బరువులు తాళ్లతో ఎత్తినవాణ్ణి, నాకు తెలియదా." తరవాత గొంతు తగ్గిపోయింది. "మూడు పాయలది. ఇంత మెత్తగా ఉందేమిటి అనుకున్నాను... చివర, ఇదిగో ఈ మెట్టు దగ్గర... రిబ్బను ముడి తగిలింది."

టార్చి మనిషి శిలువ గుర్తు వేసుకుని, దీపం కిందకి దించేశాడు.

స్టిపాన్ ఎడమచెయ్యి ఇంకా బిగించిన గుప్పిటగానే ఉంది. నెవెంకా దానికేసి చూసింది. తెరవమనలేదు. ఆ గుప్పిట మీద తన చెయ్యి వేసి, గట్టిగా పట్టుకుని, అతన్ని బస్సువైపు నడిపించుకుపోయింది.

కార్లొవత్స్ చేరేదాకా అతను ఆ చెయ్యి విప్పలేదు.